పాస్టరు మామ కొండెక్కిన మూడు రోజులు

మా గూడెం శబరి ఒడ్డున ఉంది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ కలిసే చోటికి కాస్త ఎగువన మేముంటాం. నలభై రెండు ఇళ్ల కోయ గూడెం. పదిహేడు ఇళ్లవాళ్లు ఆదివారం చర్చికి వెళ్తారు. మిగతావాళ్లు వెళ్లరు. ఇది రాస్తున్నది మాలో అంతో ఇంతో చదువుకున్న ఐదుగురం. ఒకరు అంగన్‌వాడీలో టీచరు. ఇద్దరు డిగ్రీ చదివి ఇంటికి వచ్చినవాళ్లు. ఒకరు ఆటో నడుపుతారు. ఒకరు ఇంటరు మధ్యలో మానేసి వ్యవసాయం చేస్తున్నారు. ఐదుగురిలో ఇద్దరం చర్చికి వెళ్లం. కానీ ఐదుగురం పాస్టరు మామ దగ్గర లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్నవాళ్లమే. అందుకే ఆయన గురించి కలిసి రాస్తున్నాం.

పాస్టరు మామ బయటి మనిషి కాదు. మా గూడెంలోనే పుట్టాడు. ఆయన గట్టు వేరు, మా గట్టు వేరు. కాబట్టి మాకు మామ వరస. చర్చికి వెళ్లేవాళ్లు అందరి ముందు ‘అయ్యగారు’ అంటారు, ఇంటికొస్తే వాళ్లూ ‘మామా’ అనే పిలుస్తారు. ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివాడు. రాజమండ్రిలో రెండేళ్లు బైబిలు శిక్షణ తీసుకున్నాడు. తర్వాత ఎక్కడికీ పోకుండా వెనక్కి వచ్చి, వెదురు తడికలతో ఒక పాక కట్టి దాన్నే చర్చి అన్నాడు. కొన్నేళ్లకు దానిమీదికి రేకులు వచ్చాయి.

ఆయన చేసే పనిని పుస్తకాల్లో ‘మిషన్ పని’ అని రాస్తారేమో. మేం చూసిన పని ఇది. వానాకాలంలో చలిజ్వరం వచ్చినవాళ్లను మంచానికి కర్ర కట్టి మోసుకుంటూ రోడ్డు దాకా తీసుకెళ్లడం. అక్కడి నుంచి చింతూరు ఆసుపత్రికి వెంట వెళ్లి, రక్తపరీక్ష అయ్యేదాకా బయట కూర్చోవడం. రేషన్ కార్డులో పేరు తప్పుపడితే దరఖాస్తు రాయడం. కొండమీది కొండరెడ్ల ఊళ్లకు నడిచి వెళ్లి ఒక రాత్రి ఉండి రావడం. సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి అ ఆలు దిద్దించడం. వీటన్నిటి మధ్యలో ఆదివారం గంటన్నర ప్రసంగం. అది మాత్రం పూర్తిగా తెలుగులో. రాజమండ్రిలో నేర్చుకున్న తెలుగు అది. మా అవ్వలకు సగం అర్థమయ్యేది కాదు. అయినా తల ఊపేవాళ్లు.

ఆయనలో మాకు నచ్చని పని కూడా ఒకటి ఉంది. అది దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. శిక్షణ నుంచి వచ్చిన కొత్తలో, ఇంకా వేడి మీద ఉన్న రోజుల్లో, చర్చి ఇళ్లవాళ్లను భూమి పండుగకు వెళ్లొద్దన్నాడు. డోలు కొట్టొద్దన్నాడు. పండుగ అన్నం తినొద్దన్నాడు. ఆ ఏడాది ఆడవాళ్లు రోడ్డు మీద తాడు కట్టి బండ్లు ఆపి పాటలు పాడుతూ చందా అడిగే చోట సగం మందే ఉన్నారు. మగవాళ్లు వేటకు వెళ్లే వరసలో సగం మందే నడిచారు. పూజారి పెద్దనాన్న ఎవరినీ ఏమీ అనలేదు. విత్తనాలు పంచేటప్పుడు మాత్రం చర్చి ఇళ్ల ముందు ఆగకుండా వెళ్లిపోయాడు. పాస్టరు మామ, పూజారి పెద్దనాన్న బావా బావమరుదుల వరస. చిన్నప్పుడు ఒకే ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకున్నవాళ్లు. ఆ రోజు నుంచి పన్నెండేళ్లు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

2022 జులైలో వరద వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటిందని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. మేం చూసిన వాటిలో ఇదే పెద్దది. గోదావరి నిండితే శబరి ముందుకు పోలేక వెనక్కి తంతుంది. రాత్రికి రాత్రి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. పిల్లలు, మేకలు, కోళ్లు, వడ్ల మూటలు అందినంత పట్టుకుని కొండెక్కాం. ఆరు రోజులు టార్పాలిన్ల కింద ఉన్నాం. పైనుంచి చూస్తే చర్చి రేకుల అంచు మాత్రం కనబడేది. రెండో రోజు అదీ కనబడలేదు. పెద్దనాన్న డోలు కొట్టుకుపోయింది. మామ బైబిలు నాని రెండింతలు ఉబ్బింది. కొండమీద పొయ్యి ఒక్కటే. గంజి కుండ ఒక్కటే. ఆ ఆరు రోజులు ఇద్దరూ ఒకే పొయ్యికి కట్టెలు తెచ్చారు. మాటలు మాత్రం లేవు.

నీళ్లు తీశాక అసలు కష్టం మొదలైంది. పోలవరం ముంపు లెక్కల్లో మా గూడెం రెండుగా చీలింది. 41.15 మీటర్ల కాంటూరు లోపల ఉన్నవాళ్లకు ముందు ప్యాకేజీ, ముందు కాలనీ. 45.72 మీటర్ల దాకా ఉన్నవాళ్లకు తర్వాత. వరదకు ఈ గీత తెలియదు, రెండు వైపులా ముంచింది. కాగితానికి మాత్రం తెలుసు. ఒక వీధివాళ్లు జాబితాలో ఉన్నారు, ఎదురు వీధివాళ్లు లేరు. అన్న కాలనీకి, తమ్ముడు ఏటి ఒడ్డుకు. జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ సమయంలో మామకు ఒక పట్టణం నుంచి పిలుపు వచ్చింది. అక్కడి పెద్ద చర్చికి సహాయ పాస్టరు కావాలన్నారు. నెలకు జీతం, అద్దె ఇల్లు, బిడ్డకు మంచి బడి. మామకు ఇక్కడ జీతం అంటే కానుక డబ్బాలో పడిన చిల్లర, కోతలప్పుడు నాలుగు కుంచాల వడ్లు. బిడ్డ మరుసటి ఏడాది పదో తరగతి. అత్త మోకాళ్ల నొప్పితో చెరువు నుంచి నీళ్లు మోస్తోంది. గూడెం ఎలాగూ చెదిరిపోతోంది. వెళ్లడం తప్పని మేము కూడా అనలేకపోయాం.

మామ ఎవరికీ జవాబు చెప్పలేదు. కొత్తల పండుగ దాటి చలి మొదలయ్యాక ఒక రోజు, “నేను కొండమీద మూడు రోజులుండి వస్తాను. ఉపవాసం ఉంటాను. ఎవరూ రావొద్దు,” అన్నాడు.

అత్త చాట పక్కన పెట్టి లేచింది. “దేవుడు నీతో మాట్లాడితే నాతో కూడా ఒక మాట చెప్పమను. బిడ్డ చదువు సంగతి ఆయనకు తెలుసో లేదో,” అంది. మామ తల వంచుకుని విని, దుప్పటి చంకలో పెట్టుకుని వెళ్లాడు.

మాలో డిగ్రీ చదివినవాళ్లకు కోపం వచ్చింది. జాబితాలో పేర్లు ఎక్కించే పని మిగిలి ఉండగా ఈయన కొండమీద కూర్చుని ఏం చేస్తాడు? ఆ మూడు రోజులు ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చుంటే ఏదైనా జరిగేది కదా? ఈ మాట మా ఇంటి అరుగు మీద అంటుంటే తాత విన్నాడు. “మన పెద్దవాళ్లు వేటకు పోయే ముందు, విత్తనం చల్లే ముందు ఊరికే పోయారనుకున్నారా? ఒకడు వెళ్లి కూర్చునేవాడు. అడిగి వచ్చేవాడు. వీడు అడిగే దేవుడు వేరు. అడగడం మాత్రం మనదే,” అన్నాడు. తాత చర్చికి వెళ్లే మనిషి కాదు. మాకు మాట రాలేదు.

ఒంటరిగా వెళ్లి అడగడం గురించి మామ రాత్రి బడిలో మాకు చాలా చెప్పేవాడు. యేసు పన్నెండుమంది శిష్యులను ఎంచుకునే ముందు రాత్రంతా కొండమీద ప్రార్థనలో గడిపాడని లూకా సువార్తలో ఉంది. ఏలీయా అనే ప్రవక్త ప్రాణభయంతో హోరేబు కొండకు పారిపోయి గుహలో దాక్కున్నాడు. అక్కడ పెద్ద గాలి వీచింది, భూమి కంపించింది, మంట లేచింది. దేవుడు వాటిలో లేడు. చివరికి వచ్చిన చిన్న స్వరం ఇక్కడేం చేస్తున్నావని అడిగింది, వచ్చిన దారినే వెనక్కి వెళ్లమంది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మామ ఆ చివరి ముక్క దగ్గర ఆగేవాడు. ఎందుకు ఆగేవాడో అప్పుడు మాకు తెలియలేదు.

అజరయ్య గురించీ చెప్పేవాడు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1902లో జాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో వేరే చోట్లకు సేవకులను పంపడం చూశాడు. తమ సంఘాలు అంత పాతవై ఉండి కూడా ఆ పని చేయలేదని సిగ్గుపడ్డాడు. మరుసటి ఏడాది తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘం మొదలైంది. 1909లో ఆయనే నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగువాళ్ల మధ్య పనిచేశాడు. 1912లో అక్కడ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయనకు దొరికిన దారి ఇల్లు విడిచి దూరం పొమ్మంది. కాబట్టి దేవుడు ఎప్పుడూ ఇంటికే పంపుతాడని కూడా చెప్పలేం.

మా కోయల దగ్గరికి ఈ మతం వచ్చిన దారి ఇంకా పాతది. 1860లలో హేగ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గోదావరిలో పడవలు ఎగువ దాకా నడిపే పనుల మీద దుమ్ముగూడెంలో ఉన్నాడు. భద్రాచలానికి ఎగువన ఇప్పటికీ ఆ ఆనకట్ట ఉంది. ఆయన పూనికతోనే అక్కడ కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడే ఉండి మన ఆచారాల గురించి, భాష గురించి వ్యాసాలు రాశాడు. పడవల పని 1871లో ఆగిపోయింది. మిషన్ మిగిలింది. మామ ఈ సంగతి చెప్పి, “ఏటి మీద కట్ట కట్టడానికి వచ్చినవాళ్ల వెంట సువార్త వచ్చింది. ఇప్పుడు ఏటి మీద కట్టే కట్ట ఆ సువార్త విన్నవాళ్లను చెదరగొడుతోంది,” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. మాకు నవ్వు వచ్చేది కాదు.

రెండో రోజు మధ్యాహ్నం మేం ఆగలేకపోయాం. ఉపవాసమంటే అన్నం మానతారు, నీళ్లు కూడా మానతారా? మాలో ఇద్దరం సీసాలో నీళ్లు పట్టుకుని కొండెక్కాం. పెద్ద బండ వెనక మామ కూర్చుని ఉన్నాడు. మోకరించి లేడు, కళ్లు మూసుకుని లేడు. కింద గూడెం వైపు చూస్తున్నాడు. గొంతు వినబడింది. తెలుగు కాదు, కోయ. ఇన్నేళ్లలో ఆయన కోయలో ప్రార్థన చేయగా మేము వినలేదు. ఇంట్లో, పొలంలో, సంతలో కోయ మాట్లాడే మనిషి దేవుడి దగ్గరికి వెళ్లేసరికి తెలుగులోకి మారిపోయేవాడు.

ఆయన ఇళ్లు లెక్కపెడుతున్నాడు. ఏటి ఒడ్డు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఇల్లు. ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లు. ఎవరికి ఏ జబ్బు, ఎవరి పేరు జాబితాలో లేదు, ఎవరి బిడ్డ హైదరాబాద్‌లో కూలికి వెళ్లింది. చర్చి ఇళ్లు అయిపోయినా ఆపలేదు. చర్చికి రాని ఇళ్లు కూడా చెబుతున్నాడు. మా ఇద్దరి పేర్లు కూడా వచ్చాయి. పూజారి పెద్దనాన్న ఇంటి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. చాలాసేపు మాట లేదు. మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. మేము సీసా బండ మీద పెట్టి చప్పుడు చేయకుండా దిగి వచ్చాం. దారిలో ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మూడో రోజు సాయంత్రం దిగి వచ్చాడు. చర్చి దగ్గర కొందరు ఎదురుచూస్తున్నారు. అత్త గుమ్మంలో నిలబడింది. మామ ఎవరి దగ్గరా ఆగలేదు. నేరుగా పెద్దనాన్న వాకిట్లోకి వెళ్లాడు. పన్నెండేళ్ల తర్వాత.

“బావా, ఆ ఏడాది మనవాళ్లను పండుగకు రావద్దన్నది నేనే. తప్పు చేశాను,” అన్నాడు.

పెద్దనాన్న బుట్ట అల్లుతున్నాడు. తల ఎత్తలేదు. “తప్పని మీ దేవుడు చెప్పాడా?”

“ఏమీ చెప్పలేదు. నీ పేరు చెప్పి ప్రార్థన చేద్దామంటే నోరు రాలేదు. అంతే.”

పెద్దనాన్న వెదురు బద్ద కింద పెట్టాడు. “కూర్చో. మూడు రోజులైంది కదా తిని. జావ తాగు,” అన్నాడు. పెద్దమ్మ లోపల్నుంచి ముంత తెచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. మేము వాకిట్లో నిలబడి చూశాం. చిన్నప్పటి నుంచి మాకు ఆ దృశ్యం తెలియదు.

తర్వాత మేము అడిగాం, “దేవుడేం చెప్పాడు మామా?” అని. “ఎటు పంపుతావని అడుగుదామని వెళ్లాను. మొదటి రోజంతా అదే అడిగాను. నా కడుపు అరుపు తప్ప ఏమీ వినబడలేదు. రెండో రోజు అడగడం మానేసి మీ పేర్లు చెప్పుకుంటూ కూర్చున్నాను. కొందరి పేర్లు తేలిగ్గా వచ్చాయి. కొందరివి రాలేదు. ఇక్కడ పని ఇంకా అవ్వలేదని అర్థమైంది. దాన్ని దేవుడి మాట అంటారో, నా మనసు మాట అంటారో మీ ఇష్టం. నేను మాత్రం దేవుడిదే అనుకుంటున్నాను,” అన్నాడు. పట్టణానికి వెళ్లనని రాసి పంపాడు.

మరుసటి రోజు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చి మా చేతిలో పెట్టాడు. కొండమీద లెక్కపెట్టిన ఇళ్లన్నీ ఇందులో రాయాలన్నాడు. ఇంటికో పేజీ. మనుషుల పేర్లు, వయసులు, భూమి, పోడు, చింతచెట్లు, ఇప్పచెట్లు, సమాధులు. 2013 భూసేకరణ చట్టంలో ఒక మాట ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు, పెళ్లయినా కాకపోయినా, ఆడైనా మగైనా, వేరే కుటుంబంగా లెక్క. మా ఇళ్లలో ఎంతమంది పిల్లల పేర్లు తండ్రి పేరు కిందే ఉండిపోయాయో ఆ నోటుబుక్కు రాస్తుంటే తెలిసింది. చర్చి ఇళ్ల పేజీలు మేము రాశాం. మిగతా ఇళ్లకు పెద్దనాన్న మా వెంట వచ్చాడు. ఆయన లేకపోతే సగం తలుపులు తెరుచుకునేవి కావు. గ్రామసభలో ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి ఒక్కొక్క పేజీ చదివాం. అన్ని పేర్లూ ఎక్కలేదు. కొన్ని ఎక్కాయి. మిగతావాటి కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

అంతా బాగైపోయిందని రాయడం లేదు. అత్త రెండు నెలలు మామతో సరిగా మాట్లాడలేదు. బిడ్డను గురుకులంలో చేర్చారు. సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల, “పట్టణం వెళ్లుంటే నేను ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని,” అంటుంది. దానికి మామ దగ్గర జవాబు లేదు. మూడు చర్చి ఇళ్లవాళ్లు, పూజారితో జావ తాగిన పాస్టరు మాకొద్దని వేరే సంఘానికి వెళ్లిపోయారు. భూమి పండుగకు మామ ఇప్పటికీ మొక్కడు. కానీ విత్తనాలు పంచే రోజు ఆ వాకిట్లో కూర్చుంటాడు. పెద్దనాన్న ఇప్పుడు చర్చి ఇళ్ల ముందు కూడా ఆగుతున్నాడు. తీసుకునేవాళ్లు తీసుకుంటారు, లేనివాళ్లు లేదు.

ఇప్పుడు సగం గూడెం కాలనీలో ఉంది. సగం ఏటి ఒడ్డునే ఉంది. కాలనీకి రెండు బస్సులు మారాలి. మామ ఆదివారం పొద్దున ఇక్కడ ప్రార్థన చేసి, సాయంత్రానికి అక్కడికి వెళ్తాడు. తెలుగు ప్రసంగం సగం తగ్గింది. ప్రార్థన మొత్తం కోయలోకి మారింది. తెలుగులో ఏరు అంటే వాగు. మన భాషలో ఏర్ అంటే నీళ్లే. కాలనీలో ఏరు లేదు, కుళాయి ఉంది. అక్కడ మామ ‘ఏర్’ అని దేవుణ్ణి అడిగినప్పుడు మా అవ్వలు ఇప్పుడు ఊరికే తల ఊపరు. గట్టిగా ‘ఆమేన్’ అంటారు.

మా వయసు పిల్లలకు, పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు మేము చెప్పదలచుకున్నది ఇంతే. మీరు ఏ దేవుణ్ణి నమ్మినా, ఎవరినీ నమ్మకపోయినా, ఊరు విడిచిపోవాలా ఉండాలా అనే ప్రశ్న మీకూ వస్తుంది. ఉద్యోగం పిలుస్తుంది, పట్టణం పిలుస్తుంది. వెళ్లడం తప్పు కాదు. మాలో ఇద్దరం కూడా వెళ్లబోతున్నాం. వెళ్లే ముందు ఒక్క రోజు ఫోను ఇంట్లో పెట్టి, ఊరు కనబడే చోట ఒక్కరే కూర్చుని, మీ భాషలో మీ ఇళ్ల పేర్లు చెప్పుకోండి. ఎవరి పేరు దగ్గర గొంతు ఆగుతుందో చూసుకోండి. ముందు ఆ వాకిట్లోకి వెళ్లండి.

నోటుబుక్కు ఇప్పుడు అంగన్‌వాడీ బీరువాలో ఉంది. అందులో నలభై రెండు పేజీలు నిండాయి. మొదటి పేజీ మామ తన చేత్తో రాశాడు. అది ఆయన ఇల్లు కాదు. పెద్దనాన్న ఇల్లు.